సహాయధనము భూమికా, సేద్యమునకా?

రైతునకు ప్రభుత్వము చేయు సహాయము పూర్వము విత్తనముల రూపమున, ఎరువుల రూపమున, తగ్గించిన వడ్డీ రూపమున వచ్చుచుండెను. ఇటీవల అది నగదు రూపమున నేరుగా బ్యాంకు ఖాతాలో పడుచున్నది. తెలంగాణలో 2018 మే నెలలో రైతుబంధు పథకము ఎకరమునకు పంటకాలమునకు 4,000 రూపాయలతో మొదలైనది. 2025 జనవరిలో దాని స్థానమున రైతు భరోసా వచ్చి ఎకరమునకు పంటకాలమునకు 6,000 రూపాయలుగా నిర్ణయమైనది. కేంద్ర ప్రభుత్వము 2019 ఫిబ్రవరిలో ప్రారంభించిన పి.ఎం. కిసాన్ క్రింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు వాయిదాలలో ఇచ్చుదురు. మన రాష్ట్రములో 2019 అక్టోబరున రైతు భరోసా, 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ ప్రారంభమైనవి. ఈ రెండవదానిలో కేంద్రము ఇచ్చు 6,000తో కలిపి ఏడాదికి 20,000 రూపాయలు.

ఇన్ని పథకములు వచ్చినను రైతు సేవా కేంద్రము వద్ద మమ్ము అడుగు ప్రశ్న మాత్రము ఒక్కటే. "ఏఓ గారండీ, చేను నేను చేస్తున్నాను, సొమ్ము కామందు గారి ఖాతాలో పడింది. ఇదేం లెక్కండి?" దీనికి ఒక్క మాటలో సమాధానము చెప్పుట కష్టము. అయితే ఈ ప్రశ్న మన ఊళ్ళలో పుట్టినది కాదు. అమెరికాలోని ఒక పల్లెటూరి కౌంటీలో తొంబది ఏండ్ల క్రిందటనే ఇది పుట్టి, అక్కడి ప్రభుత్వమునే కదిపి, చివరకు ఒక నిబంధన రూపమున నిలిచినది. ఆ నిబంధన మన డెల్టాలోని బస్తాల కౌలునకు ఎంతో దగ్గరగా నుండుటచే రైతు సోదరులకు, సోదరీమణులకు తెలియజేయదగినదని తలచి ఇక్కడ వివరించుచున్నాను.

ఆ కౌంటీ సంగతి

కౌంటీ అనగా అమెరికాలో రాష్ట్రమునకు దిగువనుండు పాలనా విభాగము. మనము చెప్పుకొను పాయిన్సెట్ కౌంటీ ఆర్కాన్సా రాష్ట్రమున ఈశాన్యమూల నున్నది. విస్తీర్ణము సుమారు రెండు వేల చదరపు కిలోమీటర్లు. అంత నేలమీద 2020 జనాభా లెక్కల ప్రకారము నివసించువారు సుమారు 23 వేల మంది మాత్రమే. కౌంటీ నడుమ క్రౌలీ రిడ్జ్ అను పొడవైన మట్టిమిట్ట ఉత్తర దక్షిణములుగా సాగును. దానికి తూర్పున సెయింట్ ఫ్రాన్సిస్ ఏటి ఒండ్రు నేలలు. ఇవి పత్తికి పేరుపొందినవి. పడమటి వైపు వరి ఎక్కువ. అమెరికాలో పండు వడ్లలో సుమారు సగము ఆర్కాన్సా రాష్ట్రమునుండియే వచ్చును. ఆ రాష్ట్రమున వరి అధికముగా పండించు కౌంటీలలో పాయిన్సెట్ ఒకటి.

అక్కడ నారుమడి లేదు, దమ్ము లేదు, ఊడ్పు లేదు. పొడి దుక్కిలో యంత్రపు గొర్రుతో విత్తనము వేసి, మొక్క నాలుగైదు ఆకులు తొడిగిన పిదప బోరునీటితో చేను ముంచుదురు. ఒక్కొక్క రైతు వందలు, వేల ఎకరములు చేయును. మన సేద్యమునకు, వారి సేద్యమునకు పోలిక తక్కువే. పోలిక అంతయు కౌలులో ఉన్నది.

పైరు దున్నించి పైకమిచ్చిన ఏడు

1929లో పౌనుకు సుమారు 17 సెంట్లు పలికిన పత్తి 1932 నాటికి ఆరేడు సెంట్లకు దిగజారినది. కొనువాడు లేక సరుకు గిడ్డంగులలో పేరుకొనిపోయినది. 1933 మే 12న ప్రెసిడెంటు రూజ్వెల్టు వ్యవసాయ సర్దుబాటు చట్టముపై సంతకము చేసెను. అప్పటి వ్యవసాయ మంత్రి హెన్రీ వాలెస్. చట్టములోని ఉపాయము తేలికగా బోధపడునదే. సాగు తగ్గినచో సరుకు తగ్గును. సరుకు తగ్గినచో ధర లేచును. సాగు తగ్గించిన రైతునకు ప్రభుత్వము పైకమిచ్చి నష్టము పూడ్చును. ఆ పైకము పంటను సరుకుగా మార్చు మిల్లులపై వేసిన పన్నునుండి వచ్చును.

చట్టము వచ్చునప్పటికే పత్తి మొలచి యున్నది. అందుచే దేశము మొత్తము మీద సుమారు కోటి ఎకరముల పత్తి పైరును దున్నించివేసిరి. మొక్కను త్రొక్కరాదని ఏండ్ల తరబడి మరపిన కంచరగాడిదలు పైరుమీద నడచుటకు మొరాయించినవని అప్పటివారు కథలుగా చెప్పుకొనిరి. గాడిదకు తెలిసిన మర్యాద మనిషి మరచెనని వారి బాధ కాబోలును.

ఇంతవరకు మంచిచెడ్డలు ఎట్లున్నను, చిక్కు సొమ్ము పంచుటలో వచ్చినది. ఆ ప్రాంతమున పెద్ద కమతములను సగపాలు రైతులు సేద్యము చేయుచుండిరి. భూమి, ఇల్లు, గాడిద, నాగలి, విత్తనము కామందువి. కష్టము సగపాలు రైతుది, అతని పెండ్లాము బిడ్డలది. పంటలో చెరిసగము. పంట చేతికి వచ్చువరకు తిండి, గుడ్డ కామందు కొట్టులో అరువు. సంవత్సరాంతమున లెక్క చూచినప్పుడు అతని సగము అరువునకు సరిపోవుట, ఒక్కొక్కప్పుడు చాలక బాకీ మిగులుట మామూలే. మన పూర్వపు జమీందారీ గ్రామముల సంగతి విన్న పెద్దలకు ఇందులో విడ్డూరమేమియు తోచదు.

1934, 1935 సంవత్సరముల ఒప్పందము ప్రకారము సాగునుండి తప్పించిన భూమిలో పండవలసిన పత్తికి పౌనుకు నాలుగున్నర సెంట్లు లెక్కకట్టిరి. అందులో మూడున్నర సెంట్లు భూమికి అద్దె అని పేరుపెట్టి కామందునకు ఇచ్చిరి. మిగిలిన ఒక్క సెంటులో అర సెంటు కామందునకు, అర సెంటు సగపాలు రైతునకు. అనగా తొమ్మిది పాళ్ళలో ఎనిమిది భూమి గలవానికి, ఒకటి దున్నినవానికి. ఆ ఒక్క పాలును కామందు చేతిమీదుగనే రావలెను. వచ్చినది పాత బాకీ క్రింద జమపడినచో అడుగు దిక్కు లేదు.

దీనికంటె పెద్ద హాని మరొకటి కలదు. 1934లో సాగు 35 నుండి 45 శాతము వరకు తగ్గించవలెనని ఒప్పందము. తగ్గిన భూమికి అంతమంది సగపాలు రైతులు అక్కరలేదు. పైగా ఉన్న సగపాలు రైతును దినకూలిగా మార్చినచో ఆ అర సెంటును ఇవ్వనక్కరలేదు. ఒప్పందము ఏడవ నిబంధనలో "సాధ్యమైనంతవరకు" పాత సంఖ్యలోనే సగపాలు రైతులను ఉంచవలెనని వ్రాసిరి. "సాధ్యమైనంతవరకు" అను మాట కాగితముపై మెత్తగా నుండును. ఊరిలో దానికి అర్థము బలము గలవాడు చెప్పినదే. కుటుంబములు ఇండ్లనుండి వెళ్ళగొట్టబడినవి. పాయిన్సెట్ కౌంటీలో టైరోన్జా అను చిన్న ఊరు చెంత ఒకే కమతమునుండి ఇరువదికి పైగా కుటుంబములను లేచిపొమ్మనిరి.

1934 జులైలో ఆ ఊరి దగ్గర పదునెనిమిదిమంది ఒకచోట కూడిరి. పదునొకండుగురు తెల్లవారు, ఏడుగురు నల్లవారు. దక్షిణపు కౌలు రైతుల సంఘము అట్లు పుట్టినది. ఆ కాలమున ఆ సీమలో రెండు జాతులవారు ఒక సంఘముగా కూర్చుండుట మిక్కిలి అరుదు. సంఘమునకు ముందు నిలిచిన హెచ్. ఎల్. మిచెల్ బట్టలు ఉతికి ఇచ్చు దుకాణము నడుపువాడు. క్లే ఈస్ట్ ప్రక్కనే పెట్రోలు బంకు నడుపువాడు. ఆ దుకాణములున్న కట్టడములో నేడు కౌలు రైతుల మ్యూజియము ఉన్నది. వారు కోరినది భూమి కాదు. ప్రభుత్వము పంపిన సొమ్ములో తమ వంతు తమ చేతికి రావలెనని, ఇంటినుండి వెళ్ళగొట్టరాదని కోరిరి.

వాషింగ్టనులో వ్యవసాయ సర్దుబాటు శాఖలోనే దీనిపై రెండు పక్షములు ఏర్పడినవి. ఏడవ నిబంధన ప్రకారము పాత రైతులనే ఉంచితీరవలెనని జెరోమ్ ఫ్రాంక్ నాయకత్వమునగల న్యాయవాదుల పక్షము చెప్పినది. 1935 ఫిబ్రవరిలో ఫ్రాంకును, ఆయన తోటివారిలో కొందరిని ఉద్యోగములనుండి తొలగించిరి. 1936 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు మిల్లులపై పన్నును, దానిపై ఆధారపడిన ఒప్పందములను కొట్టివేసినది. అటుపిమ్మట వచ్చిన భూసార పరిరక్షణ చట్టము క్రింద కౌలు రైతుల వాటా పెంచి, వారి సొమ్ము వారికే నేరుగా చెల్లించు ఏర్పాటు వచ్చినది. అది మంచి మార్పే. అయితే వాటా పెరిగినకొలది సగపాలు రైతును తీసివేసి కూలివానిని పెట్టుకొను ఆశ కూడ కామందులకు పెరిగినది. తరువాత ట్రాక్టరు, పత్తి తీయు యంత్రము వచ్చి మిగిలిన పనిని పూర్తిచేసినవి. నేడు ఆ కౌంటీలో సగపాలు కుటుంబములు కానరావు. ఉన్నవారు పెద్ద యంత్రముల కౌలుదారులు.

నేడు సొమ్ము లెక్కించు తీరు

ఇప్పుడు అమలులో నున్న విధానమునకు మూలము 2014 వ్యవసాయ చట్టము. 2025 జులై 4న చేసిన చట్టముతో అందులోని ధరలను పెంచిరి. ప్రతి పంటకు ఒక ఆధార ధర ఉండును. పొడవు గింజ వడ్లకు అది నూరు పౌన్లకు 14 డాలర్లుగా నుండగా 2025 పంటనుండి 16.90 డాలర్లు చేసిరి. నూరు పౌన్లు అనగా 45 కిలోలకు కొంచెము ఎక్కువ. కావున క్వింటాలునకు సుమారు 37 డాలర్లు. మార్కెటు సంవత్సరపు సగటు ధర దీనికి దిగువకు పడినచో ఆ తేడాను ప్రభుత్వము చెల్లించును. మన కనీస మద్దతు ధర వలె ప్రభుత్వము సరుకు కొనదు. రైతు బజారు ధరకే అమ్ముకొనును, తేడా మాత్రము తరువాత వచ్చును.

లెక్క ఎట్లు వేయుదురో చూపుటకు ఒక ఊహ చేసికొందము. సగటు ధర 13.90 డాలర్లు అనుకొనుడు. తేడా 3 డాలర్లు. ఆ పొలమునకు రికార్డులో వ్రాసిన దిగుబడి ఎకరమునకు 65 నూర్లు, అనగా 6,500 పౌన్లు. మూడును అరువదియైదుతో హెచ్చవేయగా 195. చట్టము ప్రకారము రికార్డు విస్తీర్ణములో నూటికి 85 వంతులకే చెల్లింపు గనుక ఎకరమునకు 165 డాలర్ల 75 సెంట్లు. నలుబది ఎకరములవానికి 6,630 డాలర్లు. నాలుగు వందల ఎకరములవానికి 66,300. ఎకరములనుబట్టి ఇచ్చు ఏ సహాయమైనను ఎక్కువ భూమికే ఎక్కువ చేరునని ఈ చిన్న లెక్కయే చెప్పుచున్నది. ఒక వ్యక్తికి ఏడాదికి ఇంతకుమించి ఇవ్వరాదని పైపరిమితి కలదు. 2025 చట్టము దానిని 1,25,000 డాలర్లనుండి 1,55,000కు పెంచినది. సగటు ఆదాయము ఏడాదికి 9 లక్షల డాలర్లు దాటినవారికి సాధారణముగా ఇవ్వరు.

ఈ లెక్కలో మన రైతు వెంటనే గమనింపవలసిన మాట "రికార్డు విస్తీర్ణము". ఈ ఏడు ఎంత వరి వేసితివి అని అడిగి ఇచ్చు సొమ్ము కాదిది. ఆ పొలమున వెనుకటి సంవత్సరములలో వేసిన పంటలనుబట్టి ఇన్ని ఎకరములు వరి విస్తీర్ణమని ఒకనాడు వ్రాసి ఉంచిరి. నేడు అందులో సోయాచిక్కుడు వేసినను వరి ధర పడినచో వరి సొమ్మే వచ్చును. ఆ హక్కు మనిషి వెంట పోదు, భూమిని అంటిపెట్టుకొని యుండును. ఇక సొమ్ము చేతికి వచ్చు కాలము. ఆగస్టునుండి మరుసటి జులై వరకు సాగు మార్కెటు సంవత్సరము ముగిసి, ధర తేలి, అక్టోబరు వచ్చిన తరువాతనే. 2025 పంటకు 2026 అక్టోబరు దాటినగాని సొమ్ము రాదు. ఈ మధ్యకాలమున ఎరువు అప్పు, డీసెలు అప్పు వడ్డీ పెంచుకొనుచునే యుండును. ఆలస్యము మనకే ప్రత్యేకమని తలచువారికి ఇది చెప్పితిని.

ఎవరి తలపై నష్టమో వారికే సొమ్ము

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. భూమి ఒకరిది, సేద్యము మరొకరిది అయినప్పుడు ఈ సొమ్ము ఎవరికి? అక్కడి నిబంధన కౌలు రకమునుబట్టి తీర్పు చెప్పును.

పంటలో పాలు పంచుకొను కౌలైనచో సొమ్మును ఇద్దరును పంచుకొందురు. పంట పోయినప్పుడు ఇద్దరికిని నష్టము గనుక సహాయము కూడ ఇద్దరిది. నగదు కౌలైనచో, అనగా పంట పండినను పండకున్నను ఎకరమునకు ఇన్ని డాలర్లని ముందే తెంపుకొన్న కౌలైనచో, భూమి యజమానికి ఒక్క సెంటు లేదు, సొమ్మంతయు కౌలుదారునిదే. ఏలననగా యజమాని తలపై నష్టభారము లేదు. ఇంతవరకు ఎవరైనను ఊహింపగలరు. నిబంధనలోని సొగసు తరువాతి మాటలో నున్నది. కౌలు నగదుగా గాక పంట రూపముననే ఇచ్చినను, ఆ పంట పరిమాణము ముందే నిర్ణయమైనదైనచో దానిని కూడ నగదు కౌలుగనే ఎంచుదురు. ఇచ్చునది డాలరా, ధాన్యమా అని చూడరు. పంట తగ్గినప్పుడు కౌలు కూడ తగ్గునా, లేదా అని మాత్రమే చూతురు.

మన డెల్టా రైతు ఈ వాక్యమును రెండుమార్లు చదువవలెను. సార్వాకు ఎకరమునకు ఇన్ని బస్తాలని ముందే తెంపుకొను మన కౌలు సరిగా ఈ కోవలోనిదే. బస్తాలు కొలిచి ఇచ్చుచున్నాము గనుక ఇది పాలు సేద్యమని కొందరు పొరబడుచున్నారు. కాదు. పదునైదు బస్తాలు కౌలనుకొందము, ముప్పది పండినను పదునైదే, పదునైదు పండినను పదునైదే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరము దాటినప్పుడు ఈనిక మీదనున్న వరి నీటిలో పడుకొన్న చేలలో, కౌలు తగ్గించుట కామందు దయయే గాని ఒప్పందము కాదు. అమెరికా నిబంధనతో తూచినచో అట్టి చేనికి వచ్చు సేద్యపు సహాయము కౌలుదారునిది.

అక్కడ కౌలుదారునకు రావలసినది దక్కకుండ ఎత్తుగడ పన్నిన యజమానికి చెల్లింపు నిలిపివేయు నిబంధన కూడ కలదు. అయినను సొమ్ము కొంత యజమాని వైపునకు జారుచునే యున్నది. హక్కు భూమిని అంటియుండుటచే, అట్టి భూమికి కౌలు పెంచి అడుగుట సహజము. సహాయధనములో సుమారు నాలుగవ వంతు కౌలు పెరుగుదల రూపమున యజమానులకు చేరుచున్నదని 2009లో వెలువడిన ఒక పరిశోధన తేల్చినది. నాలుగవ వంతే పోవుట ఆర్థికవేత్తలకు ఆశ్చర్యము కలిగించినది; అంతకంటె ఎక్కువ పోవునని వారి అంచనా. మన గ్రామములలో ఒక పథకము ప్రకటించిన మరుసటి సీజనులో కౌలు ఒకటి రెండు బస్తాలు పెరిగినచో కారణము వెదకుటకు దూరము పోనక్కరలేదు.

మరొక మాట కూడ చెప్పుట న్యాయము. 1934లో కామందు పెద్దవాడు, దున్నువాడు పేదవాడు. నేడు పాయిన్సెట్ వంటి కౌంటీలో భూమి యజమాని పట్టణమున నివసించు వారసుడో, వృద్ధురాలో కావచ్చును. కౌలుదారుడు వేయి ఎకరములు చేయు సంపన్నుడు కావచ్చును. మన ఊళ్ళలోను కౌలుకిచ్చువారందరు కామందులు కారు. ఎకరము భూమిమీద వచ్చు నాలుగు బస్తాలతో కాలక్షేపము చేయు వితంతువులు, ముసలివారు ఎందరో కలరు. నష్టభారము చూచి ఇచ్చు పద్ధతి పేదవానిని, ధనికుని వేరు చేయదు. పేదలకు సాయము వేరు మార్గమున చేయవలెను. సేద్యపు సహాయము మాత్రము సేద్యపు నష్టము మోయువానికే పోవలెనని నా అభిప్రాయము. ఇది నిబంధన కాదు, అభిప్రాయమే.

కమిటీ అధికారము

అమెరికాలో ఈ చెల్లింపులను కౌంటీలోని వ్యవసాయ సేవా సంస్థ కార్యాలయము నడుపును. దానిపై 3 నుండి 11 మంది రైతులతో ఒక కమిటీ. సభ్యులను రైతులే పోస్టు ద్వారా ఓటువేసి ఎన్నుకొందురు, పదవి మూడేండ్లు. భూమి యజమానులే గాక కౌలుదారులు, సగపాలు రైతులు కూడ ఓటర్లే. ప్రతి రైతు ఏ చేలో ఏ పంట ఎన్ని ఎకరములు వేసెనో పటము మీద గుర్తించి ఏటేట వ్రాసి ఇవ్వవలెను. వేసవి పంటలకు సాధారణముగా జులై 15 గడువు. మన ఈ-పంట నమోదు వంటిదే ఇది. ఊరివారే ఊరి సంగతి తేల్చుట మంచిదే గాని, ఎన్నికైన కమిటీ యనగానే న్యాయము దానంతట అది రాదు. కౌంటీ స్థాయిలో నల్లజాతి రైతులకు అప్పులు, సహాయము ఇచ్చుటలో పక్షపాతము చూపిరని 1997లో వ్యవసాయ శాఖపై దావా వేసిరి. 1999లో అది రాజీతో ముగిసి, శాఖ పెద్ద మొత్తములో పరిహారము ఇవ్వవలసి వచ్చినది.

మన కౌలుదారు చేయవలసినది

మన దేశములో పి.ఎం. కిసాన్ భూమి రికార్డులో పేరున్న రైతు కుటుంబములకే వర్తించును. తెలంగాణలో రైతుబంధు కూడ పట్టాదారునకే చెల్లింపబడినది. ఆంధ్రప్రదేశ్ లో 2019 నాటి రైతు భరోసాలో ఎస్.సి., ఎస్.టి., బి.సి., మైనారిటీ వర్గముల కౌలుదారులను చేర్చిరి. అందుకు పంట సాగుదారు హక్కు పత్రము ఆధారము. కావున అమెరికా నిబంధన బాగున్నదని మెచ్చుకొని ఊరకున్నచో ఒక్క రూపాయి రాదు. మన చట్టములో ఏ తలుపు తెరచియున్నదో ఆ తలుపునే పోవలెను. ఆ తలుపు ఈ పత్రమే.

2011లో ఉమ్మడి రాష్ట్రమున సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చు చట్టము చేసిరి. ఆంధ్రప్రదేశ్ లో దాని స్థానమున 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చినది. యజమాని, సాగుదారు నిర్ణీత నమూనాలో ఒప్పందము వ్రాసికొని సంతకములు చేసి గ్రామ రెవిన్యూ అధికారికి ఇచ్చినచో పత్రమిచ్చుదురు. యజమాని సంతకము లేక పత్రము రాదు. చిక్కంతయు ఇక్కడనే. సంతకము పెట్టినచో భూమి పోవునని పెద్దలనుండి వచ్చిన భయము. 1956 నాటి కౌలు చట్టము నాటినుండి ఈ భయము ఊళ్ళలో నున్నది. భూమి గలవారికి మేము ఎన్ని సభలలో చెప్పినను మరల చెప్పుచున్నాము. ఈ పత్రము పంటపై హక్కును మాత్రమే చూపును. భూమిపై సాగుదారునకు ఏ హక్కును కలుగదు. ఒప్పందము గడువు పదకొండు నెలలు. ఆ తరువాత అది చెల్లదు. సంతకము పెట్టిన యజమాని పట్టా, పాసుపుస్తకము యథాతథముగా నుండును.

సంతకము అడుగుటకు అదను కలదు. ఊడ్పులైన తరువాత అడిగినచో యజమాని సందేహించును. కౌలు మాట్లాడుకొను నాడే, బస్తాల లెక్క తెంపునప్పుడే, పత్రము మాట కూడ తెంపుకొనవలెను. ఆయన సంకోచించినచో ఒంటరిగా వాదించక గ్రామ రెవిన్యూ అధికారినో, రైతు సేవా కేంద్రములోని వ్యవసాయ సహాయకునో వెంటబెట్టుకొని పోవుడు. చట్టమేమి చెప్పునో వారు చదివి వినిపింతురు.

యజమాని ఎంతకును సంతకము పెట్టనిచో ఈ-పంట నమోదును మాత్రము విడువరాదు. పంట నష్టమునకు ఇచ్చు పెట్టుబడి సహాయము, ధాన్యము కొనుగోలు, పంటల బీమా ఈ నమోదును అనుసరించియే జరుగును. నమోదునాడు చేలో మీరే ఉండవలెను. సర్వే నంబరు, విస్తీర్ణము, రకము, విత్తిన తేదీ సరిగా వ్రాసిరో లేదో చూచుకొని, సాగుదారు గడిలో ఎవరి పేరు పడెనో అడిగి తెలిసికొని, ఈ-కె.వై.సి. వ్రేలిముద్ర వేసి, రసీదు తీసికొనవలెను. తరువాత సామాజిక తనిఖీ కొరకు జాబితాను గ్రామమున ప్రదర్శింతురు. అందులో మీ చేనికి యజమాని పేరే సాగుదారుగా పడియున్నచో ఆ గడువులోపలనే వ్రాతమూలకముగా అభ్యంతరము ఇచ్చి, ఒక ప్రతిపై ముద్ర వేయించుకొని దాచుకొనుడు. తుపాను వచ్చిన తరువాత తెచ్చిన అభ్యంతరమును సరిచేయుట మాకును కష్టము. బ్యాంకు ఖాతాకు ఆధారు ముడిపడియున్నదో లేదో కూడ ఆ నెలలోనే చూచుకొనవలెను. ముడిపడనిచో వచ్చిన సొమ్ము తిరిగిపోవును.

హక్కు పత్రము గడువు పదకొండు నెలలే గనుక, అదే చేను మరల చేయువారు ప్రతి ఏడు క్రొత్త పత్రము తీసికొనవలెను. పాత పత్రముతో దాళ్వా గడచినను, వచ్చు సార్వా నమోదునకు అది పనికిరాదు.